కోటయ్యకు కుర్చీ వేయించిన కేసు

నల్లకోటు మేకుకు తగిలించి రెండేళ్ళయింది. ఈమధ్య ఉచిత న్యాయ సహాయం ప్యానెల్లో కొత్తగా చేరిన కుర్రలాయర్లు ఇద్దరు ముగ్గురు మా ఇంటికొచ్చి, "సార్, ఈ పనిలో కిటుకేమిటి?" అని అడుగుతున్నారు. సెక్షన్లు అడిగితే నేను చెప్పను. అవి ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి. పైగా కొత్త చట్టాలొచ్చి నంబర్లన్నీ మారాక నాకే తికమకగా ఉంటోంది. నేను చెప్పగలిగిందల్లా కుర్చీ గురించి. నవ్వకండి. ముప్పై ఏళ్ళు గురజాల, మాచర్ల, నరసరావుపేట కోర్టుల చుట్టూ తిరిగి నేను నేర్చుకున్నదంతా చివరికి ఒక కుర్చీ దగ్గర తేలింది.

లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు. ఈ మాట నేను చాలా సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ముద్దాయి లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. ఊరికే వచ్చిన లాయరంటే పోలీసుల మనిషైనా అయ్యుండాలి, పని రానివాడైనా అయ్యుండాలి. ప్యానెల్లో చేరిన మొదటి ఏడాది ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ఎంతో జాలిగా అడిగాడు.

"ఏం బాబూ, బయట కేసులేం రావట్లేదా నీకు?"

అప్పటికి నిజంగానే రావట్లేదు. అందుకని జవాబు చెప్పకుండా ఫైలు తెరిచాను.

మా సీనియర్ గారి గది

నాకు పని నేర్పింది శేషాచలం గారు. ఆయన గదిలో ఆయనకొక చేతుల కుర్చీ, ఎదురుగా రెండు పేము కుర్చీలు ఉండేవి. ఆ రెండూ ఊళ్ళో మోతుబరుల కోసం. మిగతావాళ్ళకు గోడ ఉంది, గుమ్మం ఉంది. ఎవరూ వాళ్ళను నిలబడమని చెప్పేవారు కాదు. లోపలికి రాగానే చెప్పులు బయట విడిచి, కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, వాళ్ళంతట వాళ్ళే గోడవారన నిలబడేవారు.

ఆయనకు చట్టం మీద ఉన్న పట్టు మా బార్‌లో ఇంకెవరికీ లేదు. పిటిషన్ రాస్తే ఒక్క మాట తీసెయ్యడానికి ఉండేది కాదు. అయితే కోర్టులో ఎలా నడుచుకోవాలో మూడేళ్ళ పాటు ఆయన నాకు నేర్పింది "చిత్తం" అనడం.

"ఒరేయ్, జడ్జిగారు తప్పన్నా సరే, ముందు చిత్తమను. కాదనేది అప్పీల్లో అందాం" అనేవారు.

ఆయన పోయాక ఆ గదీ, ఆ కుర్చీలూ నాకే వచ్చాయి. వాటితోపాటు గుమాస్తా మస్తాన్ కూడా వచ్చాడు. గోడవారన నిలబడే జనం కూడా అలాగే వచ్చారు. అందులో మార్చాల్సింది ఏదైనా ఉందని నాకు ఇరవై ఏళ్ళకు పైగా తట్టలేదు.

పోలయ్యకు నేను నేర్పిన చదువు

నా తప్పులు చాలా ఉన్నాయి కానీ, వాటిలో పోలయ్య విషయం ముందు చెప్పాలి. ప్యానెల్లో చేరిన కొత్తలో వచ్చిన కేసు. ఎవరిదో గొర్రె పోయింది, పోలయ్యను పట్టుకొచ్చారు. ఆయనతో మాట్లాడటానికి నాకు దొరికింది కోర్టు వరండాలో ఐదు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు నా పెన్ను వెతుక్కోవడానికి సరిపోయాయి.

"పోలయ్యా, లోపల జడ్జిగారు ఏమడిగినా కాదండి అను. అంతే. ఇంకేం మాట్లాడకు" అన్నాను.

లోపల జడ్జిగారు మొదటి ప్రశ్న వేశారు. "నీ పేరు పోలయ్యేనా?"

"కాదండి."

జడ్జిగారు కాగితం మళ్ళీ చూసుకున్నారు. "మీది ఫలానా ఊరేనా?"

"కాదండి."

"ఈయన నీ లాయరేనా?"

పోలయ్య నా వైపు తిరిగి, ధైర్యంగా, నేను మెచ్చుకుంటానన్న నమ్మకంతో, "కాదండి" అన్నాడు.

కోర్టు హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. అసలు ముద్దాయి ఎవరో తేల్చుకుని రమ్మని జడ్జిగారు వాయిదా వేశారు. పోలీసులు తేల్చుకొచ్చేదాకా పోలయ్య ఇంకో పదిహేను రోజులు జైల్లోనే ఉన్నాడు. మేము నవ్విన నవ్వుకు ఆయన పదిహేను రోజులు లోపల కూర్చున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పటినుంచి "ఏమడిగినా కాదను" అని ఎవరికీ చెప్పలేదు. జడ్జిగారు అడిగిందానికి జవాబు చెప్పమని మాత్రం చెప్పేవాణ్ణి. అదీ సరిపోదని కోటయ్య వచ్చాక తెలిసింది.

అన్నిటికీ అవునండి

కోటయ్యది వెల్దుర్తి వైపు ఒక పల్లె. మిరపకాయలు కల్లంలో ఎండబోసినన్నాళ్ళూ వాటికి కాపలా ఉండటం ఆయన పని. కల్లం దగ్గర కోటయ్య ఉన్నాడంటే రైతు ఇంటికెళ్ళి నిశ్చింతగా భోంచేసేవాడు. అలాంటి మనిషి మీద దొంగతనం కేసు పడింది. వెంకట్రామయ్య అనే రైతుకు కాలవగట్టున ఉన్న నీటి మోటారు పోయింది. అది మాచర్లలో ఒక పాత ఇనుప సామాను కొట్లో దొరికింది. కొట్టు యజమాని కోటయ్యను చూపించి, మోటారు దించింది ఈయనేనన్నాడు. ఆ స్టేషన్ పేరు ఎందుకులెండి, అక్కడ "నువ్వేనా తీసింది?" అని అడిగితే కోటయ్య "అవునండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో వాళ్ళ దర్యాప్తు పూర్తయింది. కొన్ని వారాలు జైల్లో ఉన్నాక, బామ్మర్దులు జామీనుంటే బయటికొచ్చాడు.

కేసు మొదలైన రోజు నేను వేరే పని మీద ముందు బెంచీలో కూర్చుని ఉన్నాను. మేజిస్ట్రేటు గారు చిన్న వయసావిడ. ముద్దాయిల్ని కూడా "మీరు" అనేవారు. మా బార్‌లో కొందరికి అది మింగుడుపడేది కాదు.

"మీకు లాయరున్నారా?" అని అడిగారావిడ.

"ఉన్నాడండి" అన్నాడు కోటయ్య.

"ఎవరు?"

"మీరెవుర్ని చెప్తే వారేనండి."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "ఈ మోటారు మీరు దొంగిలించారా?"

"అవునండి."

"దొంగిలించలేదా?"

"లేదండి."

"మీకు నేనడిగేది అర్థమవుతోందా?"

"మీరు చెప్తే అర్థం కాకపోవడమేందండి!"

ఆవిడ కోర్టు హాలంతా ఒకసారి చూశారు. చూపు నా దగ్గర ఆగింది. "ఈయన ఒప్పుకోలును నేను రాసుకోలేను. మీరు ఈ కేసు తీసుకుంటారా?"

ఆ వారం నా దగ్గర ఇంకో ఫైలుకు చోటు లేదు. ఆ సంగతి చెబుదామనే లేచాను. లేచి, "చిత్తం మేడమ్" అన్నాను.

మస్తాన్ జడ్జిగారైన వారం

విచారణ చివర్లో మేజిస్ట్రేటు గారు ముద్దాయినే స్వయంగా ప్రశ్నలడుగుతారు. సాక్షులు ఇలా చెప్పారు, దానికి మీరేమంటారు అని. అక్కడ లాయరు అడ్డం పడి జవాబు చెప్పడానికి లేదు. కోటయ్య అక్కడ "అవునండి" అన్నాడంటే ఆయన చేతులారా కేసు పోగొట్టుకున్నట్టే. కాబట్టి ముందుగా సాధన చేయిద్దామనుకున్నాను.

జడ్జిగారి వేషం మస్తాన్‌కు ఇచ్చాను. ఆయనకు అరవై దాటింది, గొంతు పెద్దది. నా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని మొదలుపెట్టాడు.

"ముద్దాయీ! ఆ మోటారు దొంగతనం చేసింది నువ్వేనా?"

"అవునండి" అన్నాడు గోడవారన నిలబడ్డ కోటయ్య.

"ఏందయ్యా నువ్వు! కాదనాల!"

"అట్నేనండి."

"మళ్ళీ అడుగుతన్నా. దొంగతనం చేసింది నువ్వేనా?"

"అవునండి."

మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు మస్తాన్ కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. "సార్, ఈయన్ని ఇంకో గంట అడిగితే మన దగ్గరున్న కేసులన్నీ ఈయనే ఒప్పుకుంటాడు. ఒక్క దెబ్బకు బీరువా ఖాళీ అవుద్ది."

కోటయ్య భార్య అంకమ్మ ఇదంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెకు కాదనడం తప్ప ఇంకొకటి రాదు. టీ తాగుతావా అంటే వద్దంది, కూర్చో అంటే నిలబడతానంది.

"మా ఆయనకి కాదనడం చాతకాదయ్యా. పెళ్ళిచూపులప్పుడు మా అక్కని చూపించి, ఈ పిల్లని కాదు చిన్నపిల్లని ఇస్తామన్నారు. దానికీ అట్నేనండి అన్నాడు" అంది.

"మరి నువ్వేమన్నావ్?"

"నేనప్పుడూ వద్దనే అన్నా. ఎవురిన్నారు! ఆ జడ్జమ్మ కాడ నన్ను నిలబెట్టు. ఇద్దరికి సరిపడా నేనే అంటా."

ముద్దాయి తరఫున భార్య జవాబు చెప్పడానికి లేదన్నాను. ఇదేం చట్టమని నన్నే తిట్టింది. తిడుతూ తిడుతూ ఒక మాటంది.

"కుర్చీలో ఎవురు కూచున్నా మా ఆయన అవునండే అంటాడు. ఇంటికాడ మంచం మీద కూచుంటే మాత్రం, కూరలో ఉప్పు లేదు, నీళ్ళు సల్లంగా లేవు, అన్నీ అంటాడు."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను నా కుర్చీ వైపు చూశాను.

కుర్చీ ఎక్కించడం

"మస్తాన్, నువ్వు లే. కోటయ్యా, నువ్వొచ్చి ఇక్కడ కూర్చో" అన్నాను.

కోటయ్య "అట్నేనండి" అన్నాడు కానీ కూర్చోలేదు. దగ్గరకొచ్చి కండువాతో కుర్చీ శుభ్రంగా తుడిచి, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళాడు. రెండో రోజు కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేనడిగిన పని ఆయన మాటల్లో ఒప్పుకుని చేతల్లో చెయ్యకపోవడం అదే మొదటిసారి. మూడో రోజు అంకమ్మ లోపలికొచ్చి, రెండు భుజాలూ పట్టి కుదేసింది.

"కూచోమంటన్నారు గదా! కూచో!"

పెళ్ళివారి బస్సులోకి పిలవకుండా ఎక్కినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను వెళ్ళి గోడవారన ఆయన నిలబడే చోట నిలబడ్డాను. అప్పుడే తెలిసింది, మా గదిలో ఫ్యాను గాలి ఆ గోడ దాకా రాదు. ఇన్నేళ్ళూ నా కక్షిదారులంతా ఆ ఉక్కలో నిలబడి నాకు కథలు చెప్పారు. వాళ్ళు తడబడుతుంటే అబద్ధాలాడుతున్నారని అనుకున్నాను.

"కోటయ్యా, ఆ మోటారు దొంగిలించావా?" అని అక్కణ్ణించే అడిగాను.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు.

"నేను దొంగతనం చెయ్యలేదయ్యా. తీసకపొమ్మంటే తీసకపోయినా" అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాడు. కాలవగట్టున పోతుంటే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన మోటారు సైకిలు ఆపాడట.

"ఒరేయ్, వెంకట్రామయ్య మోటారు చెడిపోయింది, మాచర్లకు రిపేరుకు తీసకపోవాల, ఎనక ఎక్కి పట్టుకో అన్నాడయ్యా. అట్నేనన్నా. కొట్లో దింపమంటే దింపా. లోపల కొట్టాయనతో ఏందో మాట్లాడి, నన్ను ఆడే ఉండమని, ఇప్పుడే వస్తానని పోయినాడు."

"నువ్వేం చేశావు?"

"ఆడే ఉన్నా."

"ఎంతసేపు?"

"కొట్టు మూసిందాకా."

మస్తాన్ తల పట్టుకున్నాడు. పొద్దుపోయేదాకా కొట్టు ముందు నిలబడితే ఆ యజమానికి ఆ మొహం గుర్తుండక ఏమవుతుంది! అసలు దొంగ వచ్చిన పని ముగించుకుని వెళ్ళిపోయాడు. ఉండమన్న పాపానికి ఉన్న మనిషి ముద్దాయి అయ్యాడు.

"ఇదంతా స్టేషన్లో ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఆళ్ళు అడగలేదండి. నువ్వేనా అన్నారు. ఆళ్ళు పెద్దోళ్ళు, కుర్చీల్లో కూచున్నారు. కాదంటే బాగుండదని అవునన్నా."

నాకు తగిలిన దెబ్బ

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. కథ బాగుంది కానీ తెల్లచొక్కా మనిషి ఎవరో తెలియదు. కేసు నడవాలంటే బోలెడు వాయిదాలు, వాయిదాకొక రోజు ఆయనకు పని పోతుంది. నాకూ ఫైళ్ళు పేరుకుపోయాయి. నేరం ఒప్పుకుంటే జైల్లో ఉన్న రోజులే శిక్ష కింద సరిపెట్టమని అడగొచ్చు. అలా చాలామందికి చేయించాను. ఎవరూ ఎదురుచెప్పలేదు. నేను కుర్చీలో ఉండేవాణ్ణి, వాళ్ళు గోడవారన.

"కోటయ్యా, ఒప్పేసుకో. ఒక్క పూటలో తేలిపోతుంది. హాయిగా ఇంటికి పోవచ్చు" అన్నాను.

కోటయ్య ఆ రోజూ కుర్చీలోనే ఉన్నాడు. కండువా మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు.

"కాదండి" అన్నాడు.

నేర్పిన మాటే, కానీ నాకు అంటాడని ఊహించలేదు. కోపం కూడా వచ్చింది. "నేను నీ లాయర్నయ్యా! నాకు కాదంటావేమిటి?"

మూలనుంచి మస్తాన్ అందుకున్నాడు. "నేర్పించింది తమరే గదా సార్."

కోటయ్య లేవబోయాడు, గుమ్మంలోంచి అంకమ్మ చూసేసరికి మళ్ళీ కూర్చున్నాడు. "అయ్యా, దొంగనని రాసిచ్చి ఇంటికి పోతే, రేపు నాకు కల్లం ఎవురు అప్పజెప్తారు? కాపలా తప్ప నాకింకో పని తెలవదు. ఊళ్ళో నా మాట మీద కాయలు వదిలి పోతారయ్యా. అది పోతే నేనింక దేనికి?"

అంతకుముందు నేను ఒప్పించి పంపినవాళ్ళు చాలామంది గుర్తొచ్చారు. వాళ్ళలో ఎంతమంది చెయ్యని పని ఒప్పుకుని వెళ్ళారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. మీరు మాత్రం అలా చెయ్యకండి. ఒప్పుకోమని సలహా చెప్పాల్సి వస్తే చెప్పండి. కానీ ముందు మనిషిని కూర్చోబెట్టి చెప్పండి.

తీర్పుకు ముందు

విచారణలో ఇనుప సామాను కొట్టాయన కోటయ్యను గుర్తుపట్టాడు. నేనొక్కటే అడిగాను. మోటారు దించాక ఈయన ఏం చేశాడు?

"కొట్టు మూసేదాకా ఆడే నిలబడ్డాడు సార్. పొమ్మన్నా పోలా. పెద్దాయన ఉండమన్నాడండి అంటాడు."

చివరికి ముద్దాయిని ప్రశ్నలడిగే రోజొచ్చింది. కోటయ్య ముద్దాయి బోనులో నిలబడి, కండువా చేత్తో పట్టుకుని, అప్పటికే తల ఊపడం మొదలుపెట్టాడు. నేను లేచాను.

"మేడమ్, ముద్దాయికి ఒక కుర్చీ ఇప్పించండి."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది మేడమ్. కూర్చుంటే నిజం చెబుతాడు."

ఆవిడ నన్నూ, కోటయ్యనూ మార్చి మార్చి చూసి అటెండరుకు సైగ చేశారు. అతను ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇష్టం లేనట్టుగా తెచ్చి పెట్టాడు. కోటయ్య దాన్ని కండువాతో తుడిచాడు. వెనక బెంచీలోంచి "కూచో!" అని వినపడింది. "సైలెన్స్!" అన్నాడు అటెండరు. కోటయ్య కూర్చున్నాడు.

"వెంకట్రామయ్య గారు తన మోటారు పోయిందని చెప్పారు. ఏమంటారు?"

"నిజమేనండి. పోయింది, పాపం."

"దాన్ని కొట్లో దించింది మీరేనని సాక్షి చెప్పారు."

"నేనేనండి. చానా బరువు."

నేను వెనక బెంచీలో ఉన్న అంకమ్మ వైపు చూశాను.

"దాన్ని దొంగిలించి తెచ్చారంటున్నారు. దానికేమంటారు?"

కోటయ్య కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాడు. అంచున ఉన్నవాడు వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చున్నాడు. "కాదండి" అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండానే తెల్లచొక్కా దగ్గర్నుంచి కొట్టు తలుపు దించేదాకా వరసగా చెప్పాడు.

ఆ తర్వాత నేను లేచి చేసిన వాదన మా బార్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. దొంగతనం చేసినవాడు దొంగసొత్తు దించి ఆ గుమ్మంలోనే పొద్దుపోయేదాకా నిలబడతాడా అని నేను అడిగిన తీరుకు కోర్టు హాలు నిశ్శబ్దమైపోయింది. వారం తర్వాత కోటయ్యను నిర్దోషిగా విడిచిపెట్టారు. ఆ ఏడు వెంకట్రామయ్య తన కల్లం కోటయ్యకే అప్పజెప్పాడు.

ఈ కాగితాలు చదివి వినిపించాక

కోటయ్య ఇప్పటికీ కోర్టు పనులున్నవాళ్ళను వెంటబెట్టుకుని మా ఇంటికొస్తుంటాడు. అంకమ్మ కూడా వస్తుంది. "ఏం నేర్పావయ్యా ఈయనకి, ఇంట్లో ఏం చెప్పినా కాదంటన్నాడు" అని ప్రతిసారీ ఫిర్యాదు చేస్తుంది. మొన్న వచ్చినప్పుడు ఆయన వరండాలో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని, ఇప్పటిదాకా రాసిందంతా చదివి వినిపించాను. పెళ్ళిచూపుల దగ్గర నవ్వాడు. మోటారు దగ్గర తల ఊపాడు. నా వాదన దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"కాదండి."

"ఏం కాదు?"

"మీరు ఆ రోజు వాదన చెయ్యలేదండి. కుర్చీ ఇప్పించమన్నారు. అంతే. నేను చెప్పడం అయ్యాక మీరు లేచారు. జడ్జమ్మ గారేమో, ఇంకేమైనా చెప్పేదుందా అన్నారు. మీరు ఏం లేదు మేడమ్ అని కూచున్నారు. పొద్దుపోయేదాకా నిలబడతానా అని అడిగింది కూడా నేనేనండి."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ రోజు మళ్ళీ గుర్తుచేసుకున్నాను. లేచిన మాట గుర్తుంది, కూర్చున్న మాట గుర్తుంది. మధ్యలో నేను మాట్లాడినట్టు ఎంత వెతికినా ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆ వాదన ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నది కూడా బార్‌లో జనం కాదు, నేనే.

ఆ పేరా కొట్టేద్దామనుకున్నాను. తర్వాత ఉంచేశాను. లాయర్లు ఎలాంటి కోతలు కోస్తారో కొత్తగా వచ్చేవాళ్ళకు తెలియాలి.

"మాట్లాడింది నేనా, మీరా?" అని కోటయ్య కుర్చీలోంచి మళ్ళీ అడిగాడు.

నేను మెట్టు మీంచి తలెత్తి చూశాను.

"మీరేనండి" అన్నాను.